ఛార్జింగ్ అవుతుంది, ఆండ్రాయిడ్ ఆటో రాదు

ప్రశ్న: కారులో కేబుల్ పెడితే ఫోన్ ఛార్జ్ అవుతోంది కానీ ఆండ్రాయిడ్ ఆటో రావడం లేదు. ఫోన్ పాడైందా?

జవాబు: ముందు కేబుల్‌నే అనుమానించండి. చౌక కేబుళ్లు కొన్నింటిలో కరెంటు తీగలే తప్ప డేటా తీగలు ఉండవు. ఇంట్లో కంప్యూటర్‌కు పెట్టి, ఫోన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకున్నా ఫొటోలు కనిపించకపోతే దొంగ దొరికినట్టే. మీటరు లోపు మంచి డేటా కేబుల్ కొనండి. కారులో రెండు యూఎస్‌బీ పోర్టులుంటే ఒకటి ఛార్జింగ్‌కే పరిమితం కావచ్చు, రెండోదీ ప్రయత్నించండి. జేబులో తిరిగే ఫోన్ పోర్టులో నూలు పీచు అణిగిపోతుంది. ఫోన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు మాత్రం వద్దు! వైర్‌లెస్ అయితే బ్లూటూత్ పరిచయం చేసేంతవరకే, అసలు పని వైఫైది. బ్యాటరీ మిగులుతుందని వైఫై ఆపేసి బండెక్కితే అదీ రాదు.