అరుదుగా కనిపించు చోట ధ్రువజ్యోతి: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: 2024 అక్టోబరు 10 రాత్రి ధ్రువకాంతులు వచ్చాయని స్నేహితులు చెబితే, పిల్లల్ని కారెక్కించుకుని ఊరి బయటికి వెళ్లాం. ఫోన్లో ఆకాశం గులాల్ చల్లినట్టు వచ్చింది. కంటికి మాత్రం ఉత్తరం వైపు ఏదో మసక తప్ప ఏమీ లేదు. మేము చూసినట్టా, చూడనట్టా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: అమ్మా, మీరు చూచినట్లే. ఆ మసకయే ధ్రువజ్యోతి. ఫోను చూపినదియు నిజమే, మీ కన్ను చూపినదియు నిజమే. రెండును ఒకే వెలుగును తమ తమ శక్తికొలది గ్రహించినవి.

సూర్యుని నుండి ఎగసివచ్చిన విద్యుత్కణముల తాకిడికి భూమి అయస్కాంతక్షేత్రము కల్లోలపడినప్పుడు, ఆ క్షేత్రరేఖల వెంబడి దూసికొనివచ్చు ఎలక్ట్రాన్లు వాతావరణపు పై పొరలలోని ఆక్సిజన్ పరమాణువులను తాకగా, అవి తాము గ్రహించిన శక్తిని కాంతిరూపమున విడిచిపెట్టును. సుమారు 100 నుండి 150 కిలోమీటర్ల ఎత్తున వెలువడునది పచ్చని వెలుగు. 200 కిలోమీటర్లకు పైన వెలువడునది ఎఱ్ఱని వెలుగు. ఎఱుపును విడుచుటకు పరమాణువునకు దాదాపు 110 సెకన్ల కాలము పట్టును. క్రింది దట్టమైన గాలిలో అంతసేపు దానిని ఒంటరిగా ఉండనిచ్చువారు లేరు, మఱియొక అణువు వచ్చి ఢీకొని ఆ శక్తిని కాస్తా లాగికొనిపోవును. కావున ఎఱుపు ఎత్తయిన, పలుచని గాలికే దక్కినది. నార్వేలోనో అలాస్కాలోనో నిలిచినవారికి ఆ తెర యొక్క క్రింది అంచు నడినెత్తిన ఆడుచుండును గనుక పచ్చదనము కన్నుల నిండును. మీకో, ఆ పచ్చని భాగమంతయు భూమి వంపు చాటున మునిగిపోయి, తెర పైకొస మాత్రమే దిగంతము మీద ఎఱ్ఱగా మిగులును.

ఆ మిగిలిన ఎఱుపును పట్టుకొనుటలోనే మన కంటికి చిక్కు వచ్చినది. చీకటిలో మనకు చూపునిచ్చు కణములకు ఎఱుపు ఇంచుమించు కానరాదు. ఎఱుపును గుర్తింపగల కణములకు వెలుతురు పుష్కలముగా కావలెను. కెమెరా పది సెకన్లపాటు కాంతిని కూడబెట్టి చూపును, కన్నునకు ఆ కూడబెట్టుట తెలియదు. ఛాయాచిత్రములను చూచి చూచి, అంతటి రంగు కనబడనిచో ఏమియు కనబడలేదని నిరాశచెందువారిని తలచికొన్నప్పుడు నాకు నిజముగా బాధ కలుగును. ఏలయన మీ అక్షాంశమున ఆ మసక ఒక మహాసంఘటనము.

ఈసారి ఇట్లు చేయుడు. ఫోనుతో ఒక చిత్రము తీసి వెలుగు ఏ దిక్కున ఉన్నదో తెలిసికొని, ఫోనును జేబులో పెట్టి, ఇరువది ముప్పది నిమిషములు ఏ దీపమును చూడక నిలువుడు. పిమ్మట ఆ మసక వైపు సూటిగా గాక, దాని ప్రక్కకు చూపు నిలుపుడు. కంటి అంచులకు చీకటిచూపు హెచ్చు. అది మబ్బో జ్యోతియో అను సందేహమునకు నక్షత్రములే సాక్షులు: మబ్బు చుక్కను మాపివేయును, జ్యోతి వెనుక చుక్క వెలుగుచునే ఉండును. కొంతసేపటికి ఆ మసకలో నిటారుగా లేతచారలు లేచి, మెల్లగా ప్రక్కకు జరిగి, మఱల కరగిపోవుట కనబడినచో, ఇక ఎవరిని అడుగనక్కరలేదు.

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లా వాణ్ణి. సైన్యంలో పనిచేస్తూ ప్రస్తుతం లడాఖ్‌లో ఉన్నాను. ఇక్కడి హాన్లేలో ఎర్రటి వెలుగు కనిపించిందని విన్నాను. డాలస్, హాన్లే ఒకే అక్షాంశం మీద ఉన్నాయి గదా, డాలస్‌లో కనిపించినట్టు ఇక్కడ ఎందుకు కనిపించదు?

జవాబు: నాయనా, పటము ముందు పెట్టుకొని అడిగిన ప్రశ్న ఇది. రెండును 33వ అక్షాంశమునకు చేరువలోనే ఉన్నమాట వాస్తవము. కాని ధ్రువజ్యోతి పాటించునది భూగోళపు అక్షాంశము కాదు, అయస్కాంత అక్షాంశము. భూమి అయస్కాంతాక్షము భ్రమణాక్షముతో ఏకీభవింపక, ఉత్తరమున కెనడా వైపు సుమారు పది డిగ్రీలు ఒరిగి ఉన్నది. ఆ ఒరుగుట అమెరికావారికి భాగ్యముగను, మనకు దూరముగను పరిణమించినది. డాలస్ అయస్కాంత అక్షాంశము 40 డిగ్రీలు దాటగా, హాన్లేది 25 డిగ్రీలకు కూడ చేరదు.

అయినను మీరు నిరాశపడవలదు. 400 కిలోమీటర్ల ఎత్తున వెలుగుచున్న ఎఱుపు, దిగంతమున సన్నని పట్టీగానైనను, 2,200 కిలోమీటర్ల దూరము వఱకు కనబడగలదు. అనగా జ్యోతి మీ తలపైకి రానక్కరలేదు, మీకు ఇరువది డిగ్రీల ఉత్తరమునకు వచ్చిన చాలును. 2024 మే 10, 11 తేదీల నడుమ జరిగినది అదియే. సూర్యబింబము మీద 13664 అను సంఖ్య గల మచ్చల గుంపు నుండి ఒకదాని వెంట ఒకటిగా వెలువడిన ద్రవ్యరాశులు భూమిని తాకగా, 2003 తరువాత మఱల ఎన్నడును రానంతటి అయస్కాంత తుఫాను చెలరేగినది. ఆ రాత్రి 4,500 మీటర్ల ఎత్తున హాన్లేలో ఉన్న మన ఖగోళ పరిశోధనాలయపు కెమెరాలలో ఉత్తరాకాశము ఎఱుపెక్కినది. మన శాస్త్రజ్ఞులు దానిని స్థిరారుణచాపము అను జాతికి చేర్చిరి: భూమిని చుట్టివచ్చు విద్యుత్ప్రవాహవలయము నుండి వేడిమి క్షేత్రరేఖల వెంట దిగివచ్చి, ఆక్సిజన్‌ను నిదానముగా వెలిగించుటచే అది ఏర్పడును. దానిలో నాట్యము లేదు, నిశ్చలమైన ఎఱుపు మాత్రమే. అదే సంవత్సరము అక్టోబరులో మఱల అట్టి వెలుగు అక్కడ నమోదయినది.

మీరుండు చోటికి ఒక మాట. లడాఖ్‌లో చీకటికి కొదువలేదు, పలుచని గాలికి కొదువలేదు. కొఱత యెల్ల కొండలే. మీరు వెదకవలసిన వెలుగు దిగంతమునకు పది పదిహేను డిగ్రీల లోపుననే ఉండును గనుక, ఉత్తరమున శిఖరము అడ్డు నిలిచినచో తుఫాను ఎంతటిదైనను వ్యర్థము. ఉత్తరదిక్కు తెఱచియున్న మైదానమునొకదానిని పగటివేళనే గుర్తుపెట్టుకొనుడు.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. హైదరాబాదులో మేడ మీద నుంచి ఎప్పటికైనా ధ్రువజ్యోతి కనిపిస్తుందా అని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: ఆశపెట్టవలదు, కనబడదనియే చెప్పుడు. హైదరాబాదు అయస్కాంత అక్షాంశము పది డిగ్రీలకు లోపు. 1872 ఫిబ్రవరి 4 నాటి మహాతుఫానులో బొంబాయివారు ఆ వెలుగును చూచినట్లు వార్త నిలిచియున్నది. అట్టిది శతాబ్దమున కొకమారు వచ్చినను, మీ మేడ మీది దీపకాంతి దానిని మ్రింగివేయును. మన ప్రాచీనులు దిగ్దాహమని చెప్పినది ఇదియే కదాయని కొందఱు వ్రాయుచున్నారు. వరాహమిహిరుని బృహత్సంహితలో దానికొక అధ్యాయమే కలదు గాని, కారుచిచ్చును, ధూళిపట్టిన సంధ్యారాగమును కూడ దిక్కులు మండుటగనే కనబడును గనుక, దానిని ధ్రువజ్యోతియని గట్టిగా పలుకుటకు నా మనస్సంగీకరింపదు.

కాని పిల్లవానికి చూపదగినది మీ మేడ మీదనే ఉన్నది. జ్యోతి కనబడకున్నను జ్యోతికి కారణము కనబడును. గ్రహణము చూచుటకు అమ్ము ప్రామాణికమైన కళ్లద్దములతో, అవి గీతలుపడక చెక్కుచెదరక ఉన్నవని పరీక్షించిన పిమ్మట, సూర్యబింబమును చూడనిండు. 2024 మేలో ఆ 13664 గుంపు అట్టి అద్దములలో దుర్భిణి అక్కరలేకయే నల్లని మచ్చగా కనబడినది. భూములు పది పదిహేను వరుసగా పేర్చినగాని దాని పొడవునకు సరిపోవు. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ క్యారింగ్టన్ సూర్యుని మచ్చలను కాగితము మీద గీయుచుండగా వాటి నడుమ తటాలున తెల్లని మెఱుపు మెఱసెను; దినమైనను గడువకముందే క్యూబా, హవాయి ద్వీపముల వఱకు ఆకాశము ఎఱ్ఱబడెను; మన బొంబాయి కొలాబా పరిశోధనాలయమున అయస్కాంతసూచి కనీవినీ యెఱుగనంతగా క్రుంగెను. దినమున కొకమారు మచ్చలను గీసి తేదీ వేయుమని పిల్లవానికి చెప్పుడు.

ప్రశ్న: లెస్టర్‌లో చదువుకుంటున్నాను. అలర్ట్ వచ్చినప్పుడల్లా నిద్ర మానుకుని పార్కుకు పోతాను, ఏమీ ఉండదు. నిద్రపోయిన రాత్రే అందరికీ కనిపిస్తుంది. ముందుగా నమ్మకంగా తెలుసుకునే దారి లేదా?

జవాబు: ముందుగా అనగా ఎంత ముందుగా అనుదానిని బట్టి నమ్మకము మారును. సూర్యుని నుండి ద్రవ్యరాశి వెలువడిన పిమ్మట భూమిని చేరుటకు సామాన్యముగా ఒకటి మొదలు మూడు నాలుగు దినములు పట్టును. ఆ దశలో చెప్పు జోస్యమునకు అటునిటు కొన్ని గంటల తేడా తప్పదు. అంతకన్న పెద్ద చిక్కు మఱియొకటి: వచ్చుచున్న రాశిలోని అయస్కాంతక్షేత్రము ఉత్తరముఖముగా ఉన్నదో దక్షిణముఖముగా ఉన్నదో అది దగ్గఱకు వచ్చువఱకు తెలియదు. దక్షిణముఖమైననే భూమి క్షేత్రముతో పెనవేసికొని లోనికి శక్తిని వదలును. ఉత్తరముఖమైనచో మహావేగముతో వచ్చినను ఒరసికొని పోవును. మీ నిద్ర వృథాపుచ్చిన రాత్రులలో పెక్కింటికి ఇదియే హేతువై యుండును.

ఆ ముఖమును కనిపెట్టుటకే భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యుని వైపు, కొన్ని వ్యోమనౌకలు కావలి కాయుచున్నవి. మన శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 కూడ అచ్చటనే ఉన్నది. అచటి కొలత మనకు చేరిన పిమ్మట తుఫాను చేరుటకు మిగులు వ్యవధి పదిహేను నిమిషములు మొదలు గంట మాత్రమే. కావున ముందుదినపు హెచ్చరికను సిద్ధపడుటకు మాత్రమే వాడుకొని, బయలుదేరుటకు ఈ కొలతనే నమ్ముడు. ఆ ముఖమును తెలుపు, బీజడ్ (Bz) అని వ్రాయు అంకె మైనస్ పదికి దిగి అరగంట నిలిచినచో కోటు తొడుగుకొనుడు. లాంకస్టర్ విశ్వవిద్యాలయమువారి అరోరావాచ్ హెచ్చరికలు బ్రిటన్ నేల మీది కొలతలనుబట్టి వచ్చును గనుక మీకు మిక్కిలి ఉపయోగకరములు.

బయటికి వచ్చినవారు పది నిమిషములలో తిరిగిపోవుట సర్వసామాన్యము. జ్యోతి ధారగా రాదు, విడతలుగా వచ్చును. ఒక విజృంభణము చల్లారి మఱియొకటి లేచుటకు గంట, రెండు గంటలు పట్టవచ్చును. పార్కులో దీపములున్నచో, ఉత్తరమున ఊరు లేని పొలము గట్టున నిలువుడు. మార్చి, సెప్టెంబరు నెలల ఇరుప్రక్కల తుఫానులు తఱచు. సూర్యుని పదునొకండేండ్ల ఆవర్తనము 2024లో ఉచ్చస్థితికి వచ్చినది గాని, ఉచ్చము దాటిన ఏండ్లలోనే పెక్కు మహాతుఫానులు వచ్చియున్నవి. 2003 నాటిది అట్టిదే.

ప్రశ్న: మా అమ్మాయి మిషిగన్‌లో ఉంది, ఇప్పుడు ఆరో నెల. ఆ వెలుగు వచ్చిన రాత్రి అల్లుడితో కలిసి బయట నిలబడి చూసిందట. గ్రహణానికి మల్లే ఏమైనా దోషమా? కిరణాలు తగులుతాయా?

జవాబు: ఏ దోషమును లేదు తల్లీ. ఆ వెలుగును పుట్టించు కణములు నేలకు నూరు కిలోమీటర్ల పైననే తమ శక్తినంతయు వెచ్చించుకొనును. క్రిందికి వచ్చునది వెలుగు మాత్రమే, అదియు వెన్నెలకన్న తక్కువ. సౌరతుఫాను వలన బాధపడునవి ఉపగ్రహములు, పొడవైన విద్యుత్తు తీగెలు: 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున అరువది లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు పోయినది ఇందువలననే. మనుష్యులకు కాదు. అమ్మాయిని నిశ్చింతగా చూడుమనుడు. మిషిగన్ రాత్రులు చలివి గనుక ఉన్ని శాలువ కప్పుకొని, చీకటిలో కాలు జాఱకుండ, నిలుచుటకు బదులు పెరటిలో కుర్చీ వేసికొని ఉత్తరముఖముగా కూర్చుండుమని చెప్పుడు.