గ్యాసు సిలిండరు: రేకు పలచబడే చోటు

వంటింటిలోని 14.2 కిలోల ఉక్కు సిలిండరు ఒకే ఇంటికి చెందినది కాదు. ఖాళీ అయినది వెళ్ళి, నిండినది వస్తుంది. నేడు ఒక ఊరిలో ఉన్నది రేపు మరొక ఊరు చేరవచ్చు. దానిని ఎవరు, ఎక్కడ తయారుచేశారో వాడుకొనేవారు ఎరుగరు. కనుక సిలిండరు గోడకు ప్రతి చోటా నిర్ణీతమైన కనీస మందం ఉండితీరాలి. దాని పటుత్వాన్ని నిర్ణయించేది అతి పలచని చోటే.

ఐ.ఎస్. 6240 ప్రమాణానికి చెందిన ఉక్కు రేకును గుండ్రటి బిళ్ళలుగా కోస్తారు. బిళ్ళను డై మీద ఉంచి, అంచును ఉంగరం వంటి పట్టుతో అదిమి, పంచ్‌తో లోనికి నెట్టి లోతైన గిన్నెగా మలుస్తారు. అటువంటి రెండు గిన్నెలను నడుమ వెల్డింగ్ చేస్తే సిలిండరు శరీరం ఏర్పడుతుంది.

ఈ క్రమంలో ఉక్కు ఘనపరిమాణం మారదు. కాబట్టి వైశాల్యం పెరిగిన చోట మందం తగ్గక తప్పదు. ఉదాహరణకు, రేకు రెండు దిశలలోనూ 10 శాతం చొప్పున సాగితే వైశాల్యం 1.21 రెట్లవుతుంది, 3 మి.మీ. మందం సుమారు 2.48 మి.మీ.కు దిగుతుంది. గిన్నె అడుగు గోడవైపు మలుపు తిరిగే ప్రాంతంలో ఈ పలచదనం ఎక్కువ. అంచు వద్ద చుట్టుకొలత కుంచించుకొనడంచేత రేకు దళసరి అవుతుంది.

పలచదనాన్ని శాసించే అంశాలలో నాలుగు ముఖ్యమైనవి. మొదటిది పట్టు ఒత్తిడి. అది చాలకపోతే అంచు ముడతలు పడుతుంది. మితిమీరితే అంచులోని లోహం లోనికి జారదు. పంచ్ వద్దనున్న రేకే సాగి, పలచబడి, చివరకు చిరుగుతుంది. రెండవది కందెన. డై వైపున, పట్టు వైపున అది సమృద్ధిగా ఉండాలి. పంచ్ ముఖం వద్ద మాత్రం కొంత రాపిడి మేలుచేస్తుంది. రేకు పంచ్‌ను అంటిపెట్టుకొని అతిగా సాగకుండా నిలుస్తుంది. మూడవది డై అంచు వంపు. వంపు మరీ చిన్నదైతే లోహం సులభంగా జారదు. మరీ పెద్దదైతే పట్టు తప్పిన రేకు ముడతపడుతుంది. నాల్గవది బిళ్ళ వ్యాసానికి, పంచ్ వ్యాసానికి గల నిష్పత్తి. ఒకే లాగుడులో ఇది సుమారు 2 దాటడం కష్టం.

మందం తగ్గుతుందన్న భయంతో మొదటినుంచే మరింత దళసరి రేకు వాడడం సులభోపాయమే. కాని ప్రతి సిలిండరులోనూ ఆ అదనపు ఉక్కు వృథాగా చేరుతుంది, మోసేవారికి బరువు పెరుగుతుంది. ఇంతకంటె మేలైన మార్గం కొలత. బిళ్ళపై చిన్న వృత్తాలను ముద్రించి, లాగిన తరువాత అవి ఎంత సాగాయో చూస్తే పలచబడిన చోటు తెలుస్తుంది. ఒక గిన్నెను నిలువుగా కోసి మందం కొలిస్తే అదే విషయం రూఢి అవుతుంది. ఆపైన పట్టును, కందెనను సరిదిద్దుకొనవచ్చు. ఉక్కు పొదుపు, ఇంటి భద్రత రెండూ ఈ సర్దుబాటు మీదనే ఆధారపడి ఉన్నాయి.