లెంక ధర్మము – కపట స్వామిభక్తి

స్వామి యెదుట చేయు నమస్కారమువలన భక్తి తెలియదు. స్వామి కన్ను మరుగైన పిదప సేవకుడు చేయు పనియందే అది తెలియును. గురు లింగ జంగమముల సేవయందు ఎంత నిజమో, రాజసేవయందును అంతే నిజము. ఈ విషయమును మన తెలుగునేల చరిత్రనుండియే విచారింతము.

అద్దంకి శిల

తూర్పు చాళుక్యరాజైన గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు. క్రీ.శ. 848 ప్రాంతమునాటి అద్దంకి శాసనము ఇతని విజయములను తరువోజ ఛందస్సులో చెప్పుచున్నది. తెలుగు పద్యశాసనములలో ఇది మొదటిదని పండితులు పేర్కొందురు. ఇతడు పండ్రెండు బోయ కొట్టములను గెలిచెననియు, కట్టెపు దుర్గమును నేలమట్టము చేసెననియు, కందుకూరును బెజవాడవలె బలపరచెననియు అందు గలదు. స్వామి సేనను అప్పగించెను. సేనాని ఆ సేనతో స్వామి కార్యమునే నెరవేర్చెను. ఇది స్వామిభక్తికి సరళమైన రూపము. అయితే అన్ని కాలములందును ఇది ఇంత సరళముగ నుండలేదు.

అన్నము పెట్టువాడెవడు?

కాకతీయుల కాలమున రాజు నాయకులకు గ్రామములనిచ్చెడివాడు. ఆ గ్రామముల రాబడితో నాయకుడు సేనను పోషించి, యుద్ధకాలమున రాజునకు సాయపడవలెను. దీనినే నాయంకర పద్ధతి యనిరి. ప్రాణమునకు ప్రాణమిచ్చెదనని ప్రతిన పూని స్వామిని కొలుచు భటునకు లెంక యని పేరు.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. గ్రామమునిచ్చినవాడు రాజు, భటుని చేతిలో అన్నము పెట్టినవాడు నాయకుడు. భటుడు రాజును ఏనాడును చూచి యుండకపోవచ్చును. నాయకుని కొలుచుటయే రాజును కొలుచుట యని నమ్మి కత్తి పట్టును. నాయకుని మనస్సు మారినచో ఆ భటుని నమ్మకము తెలియకయే స్వామిద్రోహమునకు పనిముట్టగును. బంటు ఉప్పు తిన్నది నిజము, బంటు విశ్వాసము నిజము. ఆ విశ్వాసమును నడపిన చేయి మాత్రము కపటము.

రెండు శాసనములు

కాయస్థ వంశీయుడైన గంగయ సాహిణిని గణపతిదేవ చక్రవర్తి ఉన్నతాధికారమునందు నిలిపెను. అతని తరువాత జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు, అంబదేవుడు వరుసగా ఆ అధికారమును పొందిరి. సాహిణి యనగా అశ్వసేనకు అధిపతి. కాకతీయుల నమ్మకమే ఈ వంశమునకు గుఱ్ఱములను, దుర్గములను, విశాలమైన సీమను సమకూర్చెను. రుద్రమదేవి పాలనలో అంబదేవుడు ఆ బలముతోనే స్వతంత్రుడై రాణిపై తిరుగబడెను. కపటము ఎల్లప్పుడును మొదటి దినముననే పుట్టదు. స్వామి ఇచ్చిన బలము తన సొంతమని తలచిన క్షణమున పుట్టును.

అద్దంకికి పడమట, శ్రీశైలమునకు తూర్పు ద్వారమని ప్రసిద్ధిగాంచిన త్రిపురాంతకమున 1290లో అంబదేవుడు శాసనము వేయించెను. అందు తన గెలుపులను వరుసగా చెప్పుకొనుచు, మల్లికార్జునపతిని సప్తాంగములనుండి వియోగింపజేసితినని పలికెను. మల్లికార్జున నాయకుడు కాకతీయ సేనాని. సప్తాంగములలో మొదటిది స్వామి, అనగా రాజు. కావుననే రుద్రమదేవి మరణమును ఈ మాటతో చరిత్రకారులు ముడిపెట్టుచున్నారు.

దీనికి ఒక సంవత్సరము ముందటి శాసనము నల్లగొండ సీమలోని చందుపట్లయందు గలదు. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి యనువాడు దానిని వేయించెను. ఇతడు మల్లికార్జున నాయకుని సేవకుడు. కాకతి రుద్రమదేవియు, మల్లికార్జున నాయకుడును శివలోకమునకేగిన సందర్భమున వారి పుణ్యమునకై సోమనాథదేవునకు భూమి దానము చేసెను. మహారాణి మరణకాలమును నేటి చరిత్రకు తెలిపినది ఆస్థాన కవుల కావ్యము గాదు. ఈ చిన్న సేవకుని శిల.

పాఠకులు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. రెండును శివసన్నిధిలోనే నిలిచినవి. ఒకదానియందు పెద్ద సేనాని తన గొప్పను చెప్పుకొనెను. రెండవదానియందు సామాన్యుడు తన సేనానిని మాత్రమే గాక, ఆ సేనానికి స్వామినియైన రాణిని గూడ స్మరించెను. తనకు అన్నము పెట్టిన చేతిని, ఆ చేతికి అధికారమిచ్చినవారిని, ఇరువురను మరువలేదు. మరణించిన స్వామివలన బహుమానము రాదు. కనుక ఈ దానమున కపటమునకు చోటు లేదు.

కొలదికాలమునకే ప్రతాపరుద్రుని సేనలు త్రిపురాంతక ప్రాంతమును మరల కాకతీయుల వశము చేసినవి.

దత్తుని కత్తి

కపటవేషమును గూర్చి శైవపురాతనుల చరితలో ఒక గాథ గలదు. తిరుక్కోవలూరు నేలిన మెయ్‌ప్పొరుళ్ నాయనారు విభూతిధారులను శివునిగా భావించి పూజించెడివాడు. యుద్ధములందు ఓడిన శత్రువు ముత్తనాథుడు భస్మము పూసికొని, గ్రంథపు కట్టలో కత్తి దాచుకొని, అపూర్వమైన ఆగమమును వినిపింతునని అంతఃపురమునకు వచ్చెను. రాజు అతనికి ఉన్నతాసనమిచ్చి, తాను క్రింద కూర్చుండెను. శత్రువు రాజును పొడిచెను. ద్వారపాలుడైన దత్తుడు కత్తి దూయగా, నేలకొరగుచున్న రాజు అతనిని వారించి, ఇతడు మనవాడని చెప్పి, ఎవ్వరును హాని చేయకుండ ఊరు దాటింపుమని ఆజ్ఞాపించెను. దత్తుడు కోపోద్రిక్తులైన ప్రజలను నిలువరించి, ఆ ఘాతకుని క్షేమముగ సాగనంపి, తిరిగివచ్చి విన్నవించెను. ఆ మాట విన్న పిమ్మటనే రాజు శివైక్యము నొందెను.

ముత్తనాథుని భక్తి పైపూత. దత్తుని భక్తి తన పగను సైతము స్వామి వ్రతమునకు అర్పించినది. రాజు మ్రొక్కినది విభూతికి గాని మోసమునకు గాదు. కావున మోసపోయినను అతని వ్రతము చెడలేదు.

కల్యాణ పాఠము

కలచురి బిజ్జలుడు కల్యాణ చాళుక్యులకు మహామండలేశ్వరుడుగా నుండి, స్వామి బలహీనుడైన వేళ 1162 నాటికి ఆ రాజ్యమునే కైవసము చేసికొనెను. అట్టి ప్రభువు కొలువున బసవేశ్వరుడు భండారియై యుండెను. ధనమును జంగమార్చనకు వ్యయము చేయుచున్నాడని కొండెగాండ్రు చెప్పగా, బిజ్జలుడు భాండాగారమును లెక్కింపజేసెననియు, ధనము ఏమాత్రము తరుగలేదనియు పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపుచున్నది. స్వామిని వంచించి పైకి వచ్చిన ప్రభువునకు ఎల్లరును వంచకులుగా తోచుట సహజము. శరణుడు దానికి కోపముతో గాక, తెరచిన లెక్కతో బదులు చెప్పెను.

నేడు మఠముల భూములను, దేవాలయముల మాన్యములను, సంఘముల నిధులను ఎవరికో ఒకరికి అప్పగింపక తప్పదు. అప్పగింపబడినవాడు విభూతి ధరించెనని మ్రొక్కుట మన ఆచారము. ఆ ఆచారమును విడువరాదు. కాని మ్రొక్కుట వేరు, లెక్క చూచుట వేరు. మ్రొక్కు విభూతికి, లెక్క మనుష్యునకు. దాత పేరు మరుగుపరచి తన పేరునే చాటుకొనువానియందు అంబదేవుని అంశ గలదని గుర్తింపవలెను. గురువు లింగైక్యము చెందిన పిదపను గురుకార్యమును, గురువునకు అధికారమిచ్చిన పరంపరను తలచి నడచువాడు ముమ్మడి వంటివాడు. అట్టివాడు చిన్న ఉద్యోగియైనను వానిని ఆదరించుట మఠమునకు క్షేమము, కుటుంబములకు శుభము.