మొదటి వేసవి ఇంటర్న్‌షిప్‌కి సెప్టెంబరులోనే మొదలుపెట్టాలి

ప్రతి ఏడాదిలాగే ఈ ఆగస్టులో కూడా మన ఆదివారం ఆరాధనల్లో కొత్త ముఖాలు కనిపిస్తున్నాయి. హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి, రాజమండ్రి నుంచి ఎంఎస్ చదవడానికి వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. ఊళ్ళో పొలం కాగితాలో ఇంటి కాగితాలో బ్యాంకులో పెట్టి వచ్చినవాళ్ళు వీళ్ళలో తక్కువేం కాదు. ప్రార్థన మనవులు అడిగితే వాళ్ళ నోట మొదట వచ్చే మాట ఉద్యోగం. ఆ ఉద్యోగానికి దగ్గరి దారి ఇంటర్న్‌షిప్ కాబట్టి ఈ నెల పాఠం దాని మీద రాస్తున్నాను. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద కంప్యూటర్స్ చదివేవాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల గురించి కూడా మధ్యలో ఒక మాట ఉంది.

చదువుకుంటూ పని నేర్చుకోవడం ఈ దేశంలో కొత్త పద్ధతి కాదు. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో దీన్ని మొదలుపెట్టారు. కొన్నాళ్ళు తరగతి, కొన్నాళ్ళు ఫ్యాక్టరీ. దాన్నే ఇప్పుడు కో-ఆప్ అంటున్నాం. వేసవిలో పది పన్నెండు వారాలు చేసే ఇంటర్న్‌షిప్ కూడా ఆ కోవలోదే. కంపెనీ వైపు నుంచి చూస్తే అది మూడు నెలల ఇంటర్వ్యూ. పని నచ్చితే చదువు అయ్యాక రమ్మని ముందే ఆఫర్ ఇస్తారు. ఒక గంట ఇంటర్వ్యూలో తడబడే పిల్లలు కూడా మూడు నెలల్లో తామేమిటో చూపించుకోగలరు.

ఇప్పుడు నెలల లెక్క చూద్దాం. ఆగస్టులో వచ్చినవాళ్ళకి ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లు అయ్యేసరికి మే నెల వస్తుంది. ఎంఎస్ చాలామందికి మూడు నాలుగు సెమిస్టర్లలో అయిపోతుంది. అంటే చదువు మధ్యలో దొరికేది ఒక్క వేసవే. ఆ వేసవికి పెద్ద కంపెనీలు దరఖాస్తులు తీసుకోవడం అంతకు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మొదలవుతుంది. మీరు ఇంకా పరుపు కొనుక్కోలేదు, కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉండాలో రూమ్మేట్స్‌తో తేల్చుకోలేదు, అక్కడ మాత్రం ఇంటర్వ్యూలు పిలుస్తూ ఉంటారు. "ముందు చదువు కుదురుకోనీ, జనవరిలో చూసుకుందువుగాని" అని సీనియర్లు మంచి మనసుతోనే చెబుతారు. ఆ మాట మాత్రం వినకండి. జనవరి తర్వాత ఏమీ ఉండదని కాదు. మధ్య తరహా కంపెనీలు, ఇన్సూరెన్సు సంస్థలు, ఆసుపత్రులు, చిన్న స్టార్టప్‌లు ఏప్రిల్ దాకా తీసుకుంటూనే ఉంటాయి. కాకపోతే అప్పటికి మీ చేతిలో రెండు మూడు ఇంటర్వ్యూల అనుభవం ఉండడం వేరు, అప్పుడే మొదటిసారి కూర్చోవడం వేరు.

వెతకడానికి మొదటి చోటు మీ యూనివర్సిటీయే. చాలా యూనివర్సిటీల్లో హ్యాండ్‌షేక్ ఉంటుంది. యూనివర్సిటీ మెయిల్‌తో లాగిన్ అయితే మీ క్యాంపస్‌కి వచ్చే కంపెనీలన్నీ కనిపిస్తాయి. కెరీర్ ఫెయిర్ తేదీలు కూడా అందులోనే ఉంటాయి. ఆ తర్వాత కంపెనీల సొంత పేజీలు, డిపార్ట్‌మెంట్ మెయిళ్ళు, ప్రొఫెసర్లు. ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో యూనివర్సిటీ ఐటీ హెల్ప్‌డెస్క్‌లోనో వారానికి 20 గంటల లోపు క్యాంపస్ పని దొరికితే కాదనకండి. రెజ్యూమెలో ఈ దేశపు మొదటి పని అదే అవుతుంది.

ఇక్కడ పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న మన పిల్లలకు ఇంకో తలుపు ఉంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో యూనివర్సిటీల్లో వేసవి పరిశోధన కార్యక్రమాలు జరుగుతాయి, వాటిని ఆర్ఈయూ అంటారు. డిగ్రీ విద్యార్థులకు స్టైపెండ్ ఇచ్చి ల్యాబ్‌లో పని నేర్పుతారు. కొన్ని పెద్ద కంపెనీలు డిగ్రీ మొదటి రెండేళ్ళ పిల్లల కోసమే విడిగా ఇంటర్న్‌షిప్‌లు పెడతాయి. తల్లిదండ్రులు మెడిసిన్ గురించి అడిగినంతగా వీటి గురించి అడగరు.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. మన దగ్గర బయోడేటాలో రాసే తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి వివరం, ఫోటో, కింద సంతకం, ఇవేవీ ఇక్కడ పెట్టకూడదు. ప్రాజెక్టు గురించి "మెషీన్ లెర్నింగ్ వాడి చేశాను" అని రాస్తే చదివేవాళ్ళకి ఏమీ తెలియదు. ఏ సమస్య, మీ వంతు పని ఏది, చివరికి ఎంత మారింది, ఈ మూడూ ఒక వాక్యంలో కనిపించాలి. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో మీరు చేసింది లాగిన్ పేజీ అయితే లాగిన్ పేజీ అనే రాయండి. ఇంటర్వ్యూలో దాని గురించే లోతుగా అడుగుతారు, అప్పుడు చెప్పడానికి మాటలుంటాయి.

దరఖాస్తుల్లో రెండు ప్రశ్నల దగ్గర మన పిల్లలు ఆగిపోతారు. ఒకటి, అమెరికాలో పని చేయడానికి అనుమతి ఉందా? రెండు, ఇప్పుడు గాని ముందు ముందు గాని వీసా స్పాన్సర్‌షిప్ కావాలా? రెండోదానికి "కాదు" అని కొట్టేయమని సలహాలు వస్తాయి. చదువయ్యాక ఇక్కడే పని చేయాలనుకునేవాళ్ళకి ఏదో ఒకనాడు హెచ్-1బీ కావాలి కదా, అలాంటప్పుడు నిజమైన జవాబు "అవును". దాని వల్ల కొన్ని కంపెనీలు పక్కన పెడతాయి, అది నిజం. పెట్టనివ్వండి. మొదటి ప్రశ్న విషయం కెరీర్ ఫెయిర్‌లో రిక్రూటరుకి నోటితో వివరించండి: వేసవి ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ అనుమతి యూనివర్సిటీయే ఇస్తుంది, కంపెనీ ప్రభుత్వానికి ఏ దరఖాస్తూ పెట్టక్కర్లేదు, ఏ రుసుమూ కట్టక్కర్లేదు. చిన్న కంపెనీల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు.

మన సంఘంలో ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఈ మాట వినాలి. భోజనాల దగ్గర ఒక పిల్లాడు వచ్చి "అన్నా, మీ కంపెనీలో రిఫర్ చేస్తారా" అంటే విసుక్కోకండి. అలాగని ఊరికే "పంపు, చూద్దాం" అని మరిచిపోకండి. రిఫరల్ అంటే ఉద్యోగం ఇప్పించడం కాదు, ఆ కాగితాన్ని ఒక మనిషి చదివేలా చూడడం. అంతకంటే విలువైన సాయం ఒకటుంది. శనివారం ఒక గంట కూర్చుని ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేయండి. కోడ్ రాస్తూ ఆలోచనని పైకి చెప్పడం మన పిల్లలకు అలవాటు లేదు; మౌనంగా రాసి చివర్లో చూపిస్తారు. రెండు శనివారాలు కూర్చుంటే అది మారుతుంది. విద్యార్థులారా, మీరు కూడా అన్నకి వట్టి రెజ్యూమె పంపకండి. ఆ కంపెనీ పేజీ చూసి, ఉద్యోగం నంబరు రాసి, దానికి మీరెందుకు సరిపోతారో మూడు వాక్యాలు రాసి పంపండి.

సీపీటీ దగ్గర నిదానం

ఆఫర్ వచ్చింది. సంతోషం. కానీ పని మొదలుపెట్టే ముందు సీపీటీ రావాలి. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివినవాళ్ళకే ఇది ఇస్తారు. మీ చదువులో భాగంగా చేసే శిక్షణ కాబట్టి యూనివర్సిటీని బట్టి ఒక కోర్సు రిజిస్టర్ చేయమంటారు కూడా. కంపెనీ ఉత్తరంలో పేరు, చిరునామా, తేదీలు, వారానికి ఎన్ని గంటలు, ఏం పని, ఇవన్నీ ఉండాలి. ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌వో అది చూసి కొత్త ఐ-20 ఇస్తారు. అందులో ఉన్న కంపెనీకే, ఆ తేదీల మధ్యే పని చేయాలి. "సోమవారం నుంచి కదా, శుక్రవారం ఓ సారి లాగిన్ అవ్వు" అని మేనేజర్ సరదాగా అన్నా అవ్వకండి. జీతం లేని పని, గదిలో కూర్చుని చేసే పని అయినా సరే, ముందు డీఎస్‌వోని అడగండి. ఇంకొకటి, పూర్తి సమయపు సీపీటీ 12 నెలలు దాటకముందే, అంటే సరిగ్గా 12 నెలలు చేసినా, ఆ డిగ్రీ మీద ఓపీటీ పోతుంది. వేసవి మూడు నెలలకి ఆ భయం లేదు.

ఇంటర్న్‌షిప్ దొరకనివాళ్ళ దగ్గరకు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంకో రకం ఫోన్లు వస్తాయి. ఇంత కడితే ఆఫర్ లెటర్ ఇస్తాం, పని ఉండదు, పేరు ఉంటుంది. లేదా ఈ యూనివర్సిటీకి మారిపో, చేరిన రోజు నుంచే సీపీటీ, తరగతులకు రానక్కర్లేదు. మాట్లాడేది చాలాసార్లు తెలుగులోనే, తమ్ముడూ అని పిలుస్తూనే. చేరిన రోజు నుంచే సీపీటీ అన్నది అన్ని చోట్లా తప్పు కాదు; శిక్షణ తప్పనిసరిగా ఉన్న కొన్ని పీజీ కోర్సులకు నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. తరగతులే లేని చదువుకి మాత్రం ఏ మినహాయింపూ లేదు.

ఇది ఎక్కడికి తీసుకెళ్తుందో మన తెలుగువాళ్ళు రెండుసార్లు చూశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. సుమారు 1500 మంది విద్యార్థులు, ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. యజమానురాలికి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. తర్వాత 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దాన్ని నడిపింది ప్రభుత్వ ఏజెంట్లే. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు, సుమారు 600 మంది చేరారు. పిల్లల్ని చేర్పించినందుకు ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. వాళ్ళ ఇంటిపేర్లు చదివితే మన పక్కింటివాళ్ళవిలాగే ఉంటాయి. వలస ప్రయోజనం కోసం ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పినవాళ్ళు ఈ దేశంలో ప్రవేశానికి జీవితాంతం అనర్హులని చట్టంలో ఉంది. అప్పు తీర్చే దారి వెతుకుతూ ఆ దారినే మూసుకోవద్దు. వేసవిలో ఇంటర్న్‌షిప్ రాకపోతే ప్రొఫెసర్‌తో ప్రాజెక్టు చేయండి, ఓపెన్ సోర్స్‌లో నలుగురూ చూసే కోడ్ రాయండి, ఇంకో కోర్సు తీసుకోండి. చదువయ్యాక ఓపీటీ 12 నెలలు, మన కోర్సులకు ఇంకో 24 నెలల పొడిగింపు ఉన్నాయి. ఒక వేసవి ఖాళీగా పోతే జీవితం పోదు.

పనిలో చేరాక

మొదటి వారమే మేనేజర్‌ని అడగండి: పన్నెండో వారం చివర నా పని బాగుందని మీరు అనాలంటే ఏం పూర్తయి ఉండాలి? జవాబు రాసుకోండి. ప్రతి వారం దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడండి.

మన పిల్లలకు అసలు చిక్కు తెలివిలో రాదు, అడగడంలో వస్తుంది. అర్థం కాకపోయినా తల ఊపుతాం. ప్రశ్న వేస్తే తక్కువగా చూస్తారని రాత్రంతా కూర్చుంటాం. ఇక్కడ దానికి ఎవరూ మార్కులు వేయరు, మూడు రోజులు ఏమీ చెప్పకుండా ఉన్నాడనే అనుకుంటారు. అరగంట నుంచి గంట మీరే ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే ఏం చేయాలనుకున్నారో, ఏమేం ప్రయత్నించారో, ఏ ఎర్రర్ వస్తోందో రాసి అడగండి. కోడ్ రివ్యూలో ముప్పై కామెంట్లు వస్తే కుంగిపోవద్దు; పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకీ వస్తాయి. మేనేజర్‌ని సార్ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలవాలి. మొదటి వారం నాలుక తిరగదు, తర్వాత అలవాటవుతుంది.

సగం వేసవిలో జరిగే మధ్యంతర సమీక్షని తేలిగ్గా తీసుకోకండి. "అంతా బాగుంది" అని మేనేజర్ అంటే అక్కడితో ఆగకుండా "ఒక్కటి మార్చుకోవాలంటే ఏది?" అని అడగండి. దిద్దుకోవడానికి ఆరు వారాలుంటాయి. చివరి వారంలో తెలిస్తే ఏం చేస్తాం?

జీతం గురించి ఒక్క సంగతి. ఎఫ్-1 మీద వచ్చి ఐదు క్యాలెండరు సంవత్సరాలు దాటనివాళ్ళ నుంచి మామూలుగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు పట్టుకోకూడదు. రెండూ కలిపి 7.65 శాతం. నెలకు 5000 డాలర్ల జీతమైతే 382 డాలర్ల 50 సెంట్లు. మొదటి పే స్టబ్ వచ్చిన రోజే చూసుకోండి. పట్టుకుని ఉంటే పేరోల్‌వాళ్ళకి రాయండి. వాళ్ళు తిరిగి ఇవ్వకపోతే ఐఆర్ఎస్‌కి 843 ఫారంతో అడగవచ్చు. ఏప్రిల్‌లో రిటర్న్ వేసేటప్పుడు మీ ఫారం 1040-ఎన్ఆర్, మామూలు 1040 కాదు. భారతదేశంతో ఉన్న పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు అందులో కూడా స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది. పే స్టబ్‌లు, డబ్ల్యూ-2, ఆఫర్ లెటర్, పాతవి కొత్తవి అన్ని ఐ-20లు ఒక ఫైలులో పెట్టుకోండి. ఏళ్ళ తర్వాత హెచ్-1బీ వేసేటప్పుడు లాయరు సీపీటీ ఉన్న ఐ-20 అడుగుతారు, అప్పటికి యూనివర్సిటీ మెయిల్ పని చేయకపోవచ్చు.