ఇంట్లో స్టోరేజ్ సర్వర్: విడిభాగాల ఎంపికే తొలి ఇంటర్వ్యూ

రాజమహేంద్రవరం దగ్గరి కడియపులంక మీదుగా హైవేలో వెళ్లేవారికి కనిపించేవి నర్సరీల మొక్కలే. నర్సరీ ఆఫీసు గదిలోకి అడుగుపెడితే ఇంకో సరుకు కూడా రోజురోజుకూ పోగుపడుతుంటుంది. సీసీ కెమెరాల రికార్డింగులు, కొనేవాళ్లకు వాట్సాప్‌లో పంపిన మొక్కల ఫొటోలు, డ్రోన్ వీడియోలు, లారీ లోడ్ల బిల్లులు, జీఎస్టీ లెక్కలు. చాలాచోట్ల ఇదంతా ఒక పాత కంప్యూటర్‌లోనో, యజమాని ఫోన్‌లోనో, సొరుగులో పడేసిన పెన్‌డ్రైవ్‌లోనో ఉంటుంది. అది పాడైతే అంతే సంగతులు. రాజమహేంద్రవరంలోని ఫొటో స్టూడియోలకు, డయాగ్నస్టిక్ సెంటర్లకు, ఆడిటర్ల ఆఫీసులకూ ఇదే బెంగ.

దీనికి విరుగుడు నాలుగైదు హార్డ్‌డిస్కులతో నడిచే చిన్న స్టోరేజ్ సర్వర్. వాడుకలో ‘నాస్’ అంటారు. రెడీమేడ్‌గా దొరుకుతుంది. కానీ ఐటీఐ, డిప్లొమా, బీటెక్, బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నవారు విడిభాగాలు ఏరి సొంతంగా కట్టుకుంటే అదే మంచి ప్రాజెక్టు, అదే ఉద్యోగానికి సన్నద్ధత.

ఎందుకు నేర్చుకోవాలి?

క్యాంపస్ డ్రైవ్‌లంటే కోడింగ్ పరీక్షలే అనుకుంటారు చాలామంది. రాసిన కోడ్ ఎక్కడో ఒకచోట నడవాలి, దాని డేటా ఏదో ఒక డిస్కు మీద ఉండాలి. అమెజాన్ తన క్లౌడ్ రీజియన్‌ను 2022 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభించింది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ హబ్ నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఇలాంటి చోట్ల డిస్కులు మార్చేవారు, కేబుళ్లు సర్దేవారు, లాగ్‌లు చదివి జబ్బు కనిపెట్టేవారు కావాలి. డేటా సెంటర్ టెక్నీషియన్, లినక్స్ సపోర్ట్ ఇంజినీర్, బ్యాకప్ అడ్మినిస్ట్రేటర్, స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్ అన్నవి ఈ దారిలోని కొలువులు. ఫ్రెషర్లకు మొదటి రెండూ అందుబాటులో ఉంటాయి, మిగతావి అనుభవంతో వస్తాయి.

ముందు లెక్క, తర్వాత కొనుగోలు

ప్రాసెసర్ ఏది కొనాలన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఎంత డేటా, ఎన్నాళ్లు ఉంచాలి, పోతే నష్టమెంత? ఈ మూడింటికీ జవాబులు కాగితం మీద పెట్టండి.

ఒక నర్సరీలో 8 కెమెరాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపితే, అది అర మెగాబైటు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి కెమెరాకు 43.2 జీబీ. ఎనిమిదింటికీ కలిపి సుమారు 346 జీబీ. నెల రోజులు ఉంచాలంటే 10.4 టీబీ కావాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెడితే ఈ అంకె బాగా దిగుతుంది.

అలాగే ఒక స్టూడియోకు పెళ్లికి 300 జీబీ చొప్పున ఏడాదికి 40 పెళ్లిళ్లు వస్తే 12 టీబీ. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నా, రెండు డేటాల విలువ ఒకటి కాదు. కెమెరా రికార్డింగ్ నెల తర్వాత ఎలాగూ చెరిగిపోయేదే. ఫొటోలు పోతే మళ్లీ పెళ్లి చేయించలేం. మిగతా ఎంపికలన్నీ ఈ తేడా మీదే ఆధారపడతాయి.

ఇంకో చిన్న విషయం. 4 టీబీ డిస్కు విండోస్ కంప్యూటర్‌లో 3.64గానే కనిపిస్తుంది. డిస్కు కంపెనీ వెయ్యితో లెక్కిస్తే, విండోస్ 1,024తో లెక్కిస్తుంది. పైగా డిస్కుల్ని నిండుగా నింపకుండా అయిదో వంతు ఖాళీ ఉంచడం మంచిది.

డిస్కుల ఎంపిక

కడియపులంకలో మొక్క కొనేవాడు పువ్వు చూస్తాడు, మొక్క పెంచేవాడు వేరు చూస్తాడు. స్టోరేజ్ సర్వర్‌కు వేరు హార్డ్‌డిస్కే. బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే ఇవ్వాలి.

మొదట చూడాల్సింది సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అన్నది. సీఎంఆర్ డిస్కులో డేటా ట్రాకులు విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్కులో ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా రాస్తారు. చోటు కలిసొస్తుంది గానీ, ఒక ట్రాకు మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు దాన్ని నింపే పని రోజుల తరబడి సాగుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ శ్రేణిలో కొన్ని డిస్కులు ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద దుమారమే రేగింది. ఆ తర్వాతే సీఎంఆర్ డిస్కులను రెడ్ ప్లస్ పేరుతో వేరు చేశారు. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ శ్రేణి సీఎంఆరే. డబ్బా మీది పేరు చూసి సరిపెట్టుకోకుండా మోడల్ నంబరుతో డేటాషీట్ తెరిచి చూడండి.

కెమెరాల కోసమే అయితే డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి నిఘా డిస్కులు ఉన్నాయి. ఆగకుండా రాస్తూ పోయే పనికి తయారైనవి అవి. ఫైళ్లు, ఫొటోలు, బిల్లులు కలగలిసిన సర్వర్‌కు నాస్ డిస్కులే తగినవి.

సెకండ్ హ్యాండ్ డిస్కు కొనేటప్పుడు, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ అడగండి. అందులో పాడైన సెక్టర్ల లెక్క చెప్పే 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నా కాకుండా ఏమున్నా వద్దనేయండి. డేటా బదిలీ తప్పులు లెక్కించే 199 పెరుగుతుంటే మాత్రం ముందు కేబుల్‌ను అనుమానించాలి. కొత్తదని అమ్మినదాన్నీ గుడ్డిగా నమ్మలేం. వాడేసిన సీగేట్ డిస్కుల్లో గంటల లెక్క చెరిపి కొత్తవిగా అమ్ముతున్నారని 2025 మొదట్లో యూరప్‌లో బయటపడింది. స్మార్ట్‌లో సున్నా చూపించినా, డిస్కు లోపలి ఫార్మ్ లాగ్‌లో అసలు గంటలు దొరికాయి. కొన్న రోజే రెండూ పోల్చి చూడండి. డేటా పెట్టేముందు పూర్తి నిడివి పరీక్ష నడపండి. 4 టీబీ డిస్కుకు ఏడెనిమిది గంటలు పట్టొచ్చు.

ఎన్ని డిస్కులు? ఏ అమరిక?

చవక డిస్కులను గుంపుగా పెట్టి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేయడాన్ని రెయిడ్ అంటారు. ఆ పేరు ప్రచారంలోకి తెచ్చింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పరిశోధన పత్రం.

నాలుగు 4 టీబీ డిస్కులుంటే, ఒక డిస్కు చోటును రక్షణకు వదిలే సింగిల్ పారిటీలో 12 టీబీ దక్కుతుంది, ఒక డిస్కు పోయినా ఫర్వాలేదు. డబుల్ పారిటీలో 8 టీబీయే దక్కుతుంది, ఏ రెండు పోయినా డేటా నిలుస్తుంది. కెమెరాలకు మొదటిది చాలు. స్టూడియోకు రెండోదే సరి. ఒక డిస్కు పోయాక కొత్తదాన్ని నింపే గంటల్లోనే మిగతావాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది, రెండోది పోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

స్టూడియోకు కావాల్సిన 12 టీబీకి ఆ 8 చాలదు. ఆరు 4 టీబీ డిస్కులు డబుల్ పారిటీలో పెట్టినా, నాలుగు 8 టీబీ డిస్కులు పెట్టినా చేతికొచ్చేది 16 టీబీయే. రెండో దారిలో పోర్టులు, కరెంటు, వేడి తగ్గుతాయి. మొదటిదానిలో పాడైన డిస్కు మార్చే ఖర్చు తక్కువ. ఆ రోజు ధరలు కనుక్కుని టీబీకి ఎంత పడుతుందో లెక్కకట్టి తేల్చుకోండి.

రెయిడ్ ఉందని బ్యాకప్ మానకూడదు. పొరపాటున చెరిపిన ఫైలును, రాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫోల్డర్‌ను ఏ రెయిడూ వెనక్కి తేలేదు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, అందులో ఒకటి వేరే ఊళ్లో అన్నది ఈ రంగంలో అందరూ పాటించే సూత్రం. గోదావరి వరద, తుపాను చూసిన మనకు ‘వేరే ఊళ్లో’ అన్న మాట ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు.

బోర్డు, ప్రాసెసర్, ర్యామ్

మదర్‌బోర్డులో మొదట లెక్కపెట్టాల్సింది సాటా పోర్టులు. నాలుగా, ఆరా? ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు సాటా పోర్టులు మూగబోతాయి. ఆ సంగతి మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనకముందే చదవాలి.

పోర్టులు చాలకపోతే ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ లాంటి హెచ్‌బీఏ కార్డుతో ఎనిమిది డిస్కులు తగిలించవచ్చు. దాన్ని డిస్కులను ఉన్నవి ఉన్నట్టు చూపే ఐటీ మోడ్‌లో పెట్టాలి. నాస్ సాఫ్ట్‌వేర్ ట్రూనాస్ వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ డిస్కులతో నేరుగా మాట్లాడాలి, మధ్యలో హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు అడ్డుపడకూడదు. ఈ కార్డు బాగా వేడెక్కుతుంది కాబట్టి దాని మీదికి గాలి తగలాలి.

ఫైళ్లు అందించడమే పనైతే పెద్ద ప్రాసెసర్ దండగ. 6 వాట్ల ఇంటెల్ ఎన్100 కూడా సరిపోతుంది. ర్యామ్ ట్రూనాస్‌కు 8 జీబీ కనీసం, 16 ఉంటే హాయి. దానికంటే తేలికైన నాస్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ మీడియా వాల్ట్ అయితే ఇంకా తక్కువతోనూ నడుస్తుంది. ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే సరిదిద్దే ఈసీసీ మెమరీ మంచిదే గానీ, దానికి ప్రాసెసరూ బోర్డూ రెండూ ఒప్పుకోవాలి. ఆడిటర్ ఆఫీసుకైతే ఆ ఖర్చు పెట్టమనండి. ఇంట్లో నేర్చుకోవడానికి తప్పనిసరి కాదు.

కరెంటు, వేడి, ధూళి

హార్డ్‌డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. అంటే 24 వాట్లు. ఆరు డిస్కులు ఒక్కసారిగా లేస్తే 144 వాట్లు. తర్వాత ఒక్కోటి ఆరేడు వాట్లకు దిగిపోతుంది. పేరున్న కంపెనీ 450 వాట్ల పవర్ సప్లై చాలు. ఒక కంపెనీ మాడ్యులర్ కేబుల్‌ను ఇంకో కంపెనీ పవర్ సప్లైకి తగిలించకండి. ప్లగ్ ఒకేలా కనిపించినా లోపలి తీగల వరుస వేరుగా ఉండొచ్చు. అలాగైతే స్విచ్ వేసిన మరుక్షణం డిస్కులన్నీ కాలిపోవచ్చు. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అచ్చుపోసిన చవక ప్లగ్‌లనూ దూరం పెట్టండి, కరిగి నిప్పంటుకున్న సందర్భాలున్నాయి.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ ఒక్కటే చూడకండి, యూఎస్‌బీ పోర్టు ఉందా అని అడగండి. ఉంటే బ్యాటరీ అయిపోకముందే సర్వర్ తనంతట తానే సక్రమంగా ఆగిపోయేలా పెట్టవచ్చు. ఈదురుగాలుల కాలంలో కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లకు ఇది తప్పనిసరి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తోటల్లో కెమెరాలకు లాగిన రాగి కేబుళ్ల మీదుగా పిడుగు దెబ్బ సర్వర్ దాకా రావచ్చు. పైగా ఆ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. దూరం ఎక్కువైతే ఫైబర్ వేయడమే రెండు సమస్యలకూ మందు.

మే నెలలో రాజమహేంద్రవరం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. డిస్కుల వేడి 45కు మించకుండా ముందువైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పెట్టండి. నర్సరీలో అయితే కోకోపీట్ ధూళి, నీటి తుంపరల తేమ అదనం. ధూళి ఫిల్టర్ ఉన్న కేబినెట్ ఎంచుకోండి, పాలీహౌస్ పక్కన పెట్టొద్దు.

కరెంటు బిల్లు కూడా ఎంపికలో భాగమే. రోజంతా 50 వాట్లు కాలిస్తే నెలకు 36 యూనిట్లు. ఇంటి మీటరు పై శ్లాబులోకి పోతుందేమో చూసుకోండి.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే

ఆఫీసుల్లో వాడేసిన టవర్ డెస్క్‌టాప్, ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా రెండు నాస్ డిస్కులతో ‘మిర్రర్’ అమర్చితే చాలు. డెల్, హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో చాలావాటికి పవర్ సప్లై ప్లగ్ ఆ కంపెనీదే ఉంటుంది, డిస్కులకు చోటూ తక్కువ. పెంచుకునే ఆలోచన ఉంటే ఆ సంగతి ముందే చూసుకోవాలి. రాజమహేంద్రవరంలో దొరకని భాగాలకు సికింద్రాబాద్ సీటీసీ ఉంది, ఆన్‌లైన్ ఉంది. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. ఇంట్లో గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు 110 మెగాబైట్ల దాకా ఇస్తుంది. నెట్‌వర్క్ మీదే వీడియో ఎడిటింగ్ చేసేవారికి తప్ప 2.5 గిగాబిట్ అవసరం పడదు.

సర్వర్ నడిచాక

అసలు పాఠం ఇక్కడే. ముఖ్యమైన డేటా లేనప్పుడు, నడుస్తున్న సర్వర్‌ను ఆపి ఒక డిస్కు తీసేయండి. మళ్లీ ఆన్ చేసి ఏ హెచ్చరిక వచ్చిందో, కొత్త డిస్కు నిండడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఫోల్డర్ చెరిపి బ్యాకప్ నుంచి తెచ్చుకోండి. వీటన్నింటితో నాలుగు పేజీల నివేదిక తయారుచేసి రెజ్యూమెకు జతచేయండి. ‘ఐదు డిస్కుల్లో ఒకటి పోతే ఏం చేస్తావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే పుస్తకం అప్పజెప్పే అభ్యర్థికి, చేసి చూసిన అభ్యర్థికి తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

దీనికి తోడు రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ ఉంటే బలం. అది బిట్లు పెట్టే పరీక్ష కాదు, సిస్టమ్ ముందు కూర్చుని పనులు చేసి చూపాలి. 300 మార్కులకు 210 రావాలి. పదో తరగతి తర్వాత ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్), ఐసీటీఎస్‌ఎం (ఇన్ఫర్మేషన్ కమ్యూనికేషన్ టెక్నాలజీ సిస్టమ్ మెయింటెనెన్స్) ట్రేడ్‌లు ఈ వైపు తీసుకొస్తాయి. పాలీసెట్ రాసి కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమాలో చేరినవారికీ దారి ఉంది.

ఉన్న ఊళ్లోనే ఉండాలనుకునేవారు నర్సరీలకు, స్టూడియోలకు సర్వర్లు కట్టి ఏడాది నిర్వహణ ఒప్పందం తీసుకోవచ్చు. ఒక హెచ్చరిక: ఇంటి నుంచి చూసుకోవచ్చని సర్వర్ పోర్టులను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి, వీపీఎన్ వాడండి. ఎదుటివారి కెమెరాలు, పాస్‌వర్డులు మీ చేతిలో ఉన్నప్పుడు నోరు, చేయి రెండూ అదుపులో ఉండాలి.

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. కొనాల్సిన భాగాల జాబితా రాసి, ఒక్కోదాని పక్కన ‘ఇదే ఎందుకు’ అన్నదానికి ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేని భాగాన్ని ఇంకా కొనకండి.