నూనె చేపలు: పోషక విలువలు, ఎంపిక, సులభ వంట విధానాలు

సారాంశం

తీరానికి దూరంగా ఉన్న సికింద్రాబాదు వంటి నగరాలలో చేప అంటే ప్రధానంగా చెరువు చేపే. ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు సమృద్ధిగా ఉండే సముద్రపు నూనె చేపలు ఇక్కడి వంటిళ్ళలో తక్కువగా కనిపిస్తాయి. వాటి పోషక విలువలను, ఎంపికలో పాటించవలసిన జాగ్రత్తలను, పోషకాలను నిలిపే రెండు సులభ వంటలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేప తినడం తెలంగాణలో అనాదిగా వస్తున్న ఆచారం. జూన్ రెండవ వారం ప్రాంతంలో వచ్చే ఆ రోజున సికింద్రాబాదుకు సమీపంలోని రాంనగర్ చేపల మార్కెట్టు కిక్కిరిసిపోతుంది. బొచ్చె, రవ్వ, కొర్రమీను ఎక్కువగా అమ్ముడవుతాయి. ఇవి సులభంగా జీర్ణమయ్యే నాణ్యమైన మాంసకృత్తులను అందిస్తాయి. అయితే చేప గుండెకు మేలు చేస్తుందన్న సలహాకు ఆధారమైన పరిశోధనలలో అధిక భాగం సముద్రపు నూనె చేపలకు సంబంధించినవి. ఈ భేదాన్ని చెప్పకుండా చేప తినమని మాత్రమే బోధిస్తే, ఆశించిన ప్రయోజనం పూర్తిగా చేకూరదు.

కొవ్వును బట్టి వర్గీకరణ

కండలో 2 శాతం లోపు కొవ్వు ఉన్నవాటిని కొవ్వులేని చేపలని, 2-4 శాతం ఉన్నవాటిని తక్కువ కొవ్వు చేపలని, 4-8 శాతం ఉన్నవాటిని మధ్యస్థ కొవ్వు చేపలని, 8 శాతానికి మించినవాటిని అధిక కొవ్వు చేపలని వ్యవహరిస్తారు. నూనె కవళ్ళు, కానాగంతలు, పులస నూనె చేపల కోవకు చెందుతాయి. కొర్రమీను కొవ్వు తక్కువగా ఉండే చేప. ఒకే జాతిలో కూడా ఋతువు, వయస్సు, గుడ్లు పెట్టే దశలను బట్టి కొవ్వు శాతం గణనీయంగా మారుతుంది.

కానాగంత శాస్త్రీయ నామమైన రాస్ట్రెల్లిజర్ కనగుర్తాలో తెలుగు పేరే ఉండటం విశేషం. విశాఖపట్నం చేపలపై పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రచురించిన గ్రంథం ద్వారా ఆ పేరు శాస్త్రలోకానికి చేరింది.

ఒమేగా-3 మూలం

చేపలోని ముఖ్యమైన ఒమేగా-3 ఆమ్లాలు రెండు. 20 కర్బన పరమాణువులు, 5 ద్విబంధాలు కలది ఐకోసాపెంటనోయిక్ ఆమ్లం. 22 కర్బన పరమాణువులు, 6 ద్విబంధాలు కలది డొకోసాహెక్సనోయిక్ ఆమ్లం. వీటిని ప్రధానంగా ఉత్పత్తి చేసేవి సూక్ష్మ శైవలాలు. ప్లవకాలను తినే కవళ్ళు వాటిని తమ దేహంలో నిల్వ చేసుకుంటాయి. పైరు నాణ్యత నేలను అనుసరించినట్లే, చేప కొవ్వు నాణ్యత దాని మేతను అనుసరిస్తుంది. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్కలపై ఆధారపడి పెరిగిన చెరువు చేపల కొవ్వులో ఒమేగా-6 వాటా హెచ్చుగా ఉండటానికి కారణమిదే. అవిసె గింజలలోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం కూడా ఒమేగా-3 వర్గానిదే. కానీ మానవ దేహం అందులో స్వల్ప భాగాన్ని మాత్రమే పై రెండు ఆమ్లాలుగా మార్చుకోగలదు.

ఆరోగ్య ప్రయోజనాలు

ఈ ఆమ్లాలు రక్తంలో ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తాయి. డొకోసాహెక్సనోయిక్ ఆమ్లం మెదడు, కంటి రెటీనా నిర్మాణంలో కీలకమైనది. నూనె చేపలలో విటమిన్ డి, బి12, సెలీనియం, అయోడిన్ కూడా లభిస్తాయి.

గుండెపోటు నుంచి కోలుకున్న 2,033 మంది పురుషులపై వేల్స్‌లో జరిగి 1989లో ప్రచురితమైన ప్రయోగంలో, నూనె చేప తినమని సలహా పొందినవారిలో రెండేళ్ళ మరణాలు 29 శాతం తగ్గాయి. అయితే అదే బృందం తర్వాతి పరిశీలనలలో ఈ మేలు స్థిరంగా కనిపించలేదు. 2018లో ఫలితాలు వెలువడిన అమెరికా ప్రయోగంలో, 25,871 మంది ఆరోగ్యవంతులలో ఒమేగా-3 గుళికలు ప్రధాన హృద్రోగ ఘటనలను గణనీయంగా తగ్గించలేదు. కనుక చేపను ఔషధంగా కాక, సమతులాహారంలో వేపుడు మాంసానికి బదులుగా చేరే ఆహారంగా సిఫారసు చేయడం శాస్త్రసమ్మతం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి ఆహార మార్గదర్శకాలు మాంసం కంటే చేపకు ప్రాధాన్యమిస్తూ, వారానికి కనీసం 100-200 గ్రాములు తినాలని సూచించాయి.

ఎంపికలో జాగ్రత్తలు

నూనె చేపల కొవ్వు గాలి సోకితే త్వరగా ముక్కిపోతుంది. అంతకంటే తీవ్రమైన ప్రమాదం హిస్టమిన్. కవళ్ళు, కానాగంతలు మంచు లేకుండా నిలిచినప్పుడు వాటిలోని హిస్టిడిన్‌ను సూక్ష్మజీవులు హిస్టమిన్‌గా మారుస్తాయి. ఇది ముఖం ఎర్రబారడం, తలనొప్పి, దద్దుర్లు కలిగిస్తుంది. ఒకసారి ఏర్పడిన హిస్టమిన్ వండినా నశించదు. అందువలన కళ్ళు ఉబ్బి మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, కండ గట్టిగా ఉండి, మంచులో నిల్వ ఉంచిన చేపనే కొనాలి. తీరం నుంచి మంచులో రాని చేప చౌకగా దొరికినా దానిని వదలివేయడమే మేలు.

వంట విధానాలు

కవళ్ళ పులుసు: అర కిలో కవళ్ళను పొలుసు, పేగులు తీసి, ఉప్పు, పసుపుతో కడగాలి. వెడల్పాటి గిన్నెలో రెండు చెంచాల నూనె వేడిచేసి మెంతులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి వేసి, నిమ్మకాయంత చింతపండు రసం పోసి పది నిమిషాలు మరగనివ్వాలి. చేపలు వేసి సన్నని మంటపై మరో పది నిమిషాలు ఉడికించాలి. గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకొని తిప్పితే చేప విరగదు. చేప నుంచి దిగిన నూనె పులుసులోనే నిలుస్తుంది కనుక పులుసునూ అన్నంలో కలుపుకోవాలి. మెత్తబడిన చిన్న ముళ్ళు తింటే కాల్షియం లభిస్తుంది.

కానాగంత ఆవిరి వంట: చేపకు ఇరువైపులా గాట్లు పెట్టి, కారం, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు పట్టించి పావుగంట ఉంచాలి. అరటి ఆకులో చుట్టి ఇడ్లీ పాత్రలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఆవిరిపై ఉడికించాలి. దీనికి నూనె అవసరం లేదు.

నూనెలో ముంచి వేయించినప్పుడు చేప కొవ్వు కొంత బయటకు పోయి, వంటనూనె లోపలికి చేరుతుంది. పొద్దుతిరుగుడు నూనె వాడితే ఒమేగా-6 వాటా మరింత పెరుగుతుంది.

విస్తరణ సూచనలు

పోషకాహార శిక్షణలలో చేప పేరు, కొవ్వు వర్గం, వండే పద్ధతి మూడింటినీ కలిపి బోధించాలి. సముద్రపు చేప తాజాగా అందని గ్రామాలలో చెరువు చేపను పులుసుగా వండుకొనమని, అవిసె పొడిని ఆహారంలో చేర్చుకొనమని సూచించాలి. చెరువు చేపల మేత కూర్పును మార్చి వాటి కొవ్వు నాణ్యతను మెరుగుపరచడం, మార్కెట్టు వరకు శీతల రవాణాను బలపరచడం విద్యార్థులు పరిశోధనకు స్వీకరించదగిన అంశాలు.