ఎక్కువ కాలం ఉన్న ఊరు ఏది?

ఖరగ్‌పూర్‌లో చదివే పిల్లలకు కలైకుండ యుద్ధవిమానాల చప్పుడు కొత్త కాదు. అందుకేనేమో, పన్నెండో తరగతిలో ఎన్.డి.ఎ.కు దరఖాస్తు చేసేవాళ్ళు మనకు ఏటా కనిపిస్తారు. 2022 నుంచి అక్కడ అమ్మాయిలూ శిక్షణ పొందుతున్నారు.

యు.పి.ఎస్.సి. రాతపరీక్షకు 900 మార్కులు: గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600. తర్వాత జరిగే ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూకు కూడా 900. గణితానికి ట్యూషన్ పెట్టించుకునే మన పిల్లలు ఈ రెండో 900ని దేవుడికి వదిలేస్తారు.

ఎస్.ఎస్.బి. అయిదు రోజులు ఉంటుంది. మొదటి రోజు ఒక మసక బొమ్మను 30 సెకన్లు చూపి, 4 నిమిషాల్లో కథ రాయమంటారు. అక్కడ నెగ్గనివాళ్ళు ఆరోజే ఇంటిదారి పడతారు. మిగిలినవాళ్ళకు 60 మాటలు ఒక్కొక్కటీ 15 సెకన్లే చూపి, తోచిన వాక్యం రాయమంటారు. మనస్తత్వ నిపుణుడు, మైదానంలో పరీక్షించే అధికారి, ఇంటర్వ్యూ అధికారి ఎవరికివారే అంచనా వేస్తారు. చివరి రోజు ముగ్గురూ ఒకచోట కూర్చుంటారు. వేషం వేస్తే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

ఇంటర్వ్యూ అధికారి చేతిలో మీరే నింపిన వివరాల ఫారం ఉంటుంది. ఎక్కువ కాలం నివసించిన ఊరు, దాని జనాభా, అది జిల్లా కేంద్రమా కాదా, మాతృభాష, తండ్రి ఉద్యోగం, ఆటలు, ఇదివరకటి ప్రయత్నాలు అన్నీ అందులో రాయాలి. ఆ ఊరి గడి దగ్గరే బదిలీల పిల్లలు ఆగిపోతారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు ఆ బాధ లేదు, ఖరగ్‌పూర్ అని రాసేస్తారు.

మా విద్యార్థి ఒకడు పలాసలో అమ్మమ్మ ఇంట పుట్టాడు. నాన్నగారిది రైల్వే. ఆద్రాలో మూడేళ్ళు, చక్రధర్‌పూర్‌లో ఏడేళ్ళు, తర్వాత ఇక్కడ. "మాస్టారూ, నాది ఏ ఊరని రాయను?" అని అడిగాడు. మేమూ ఊళ్ళు మారుతున్నవాళ్ళమే, సొంత ఊరంటే మాకూ మమకారం. "పలాస అని రాయి, బాగుంటుంది" అన్నాం. ఆ తప్పు మాదే. అక్కడ పలాస గురించి వరసగా ప్రశ్నలు వేశారట. జీడిపప్పు తప్ప వాడికేమీ తోచలేదు. తిరిగి వచ్చేశాడు.

ఒక సాయంత్రం చక్రధర్‌పూర్ గురించి చెప్పమన్నాం. రైల్వే కాలనీ, ఫుట్‌బాల్ మైదానం, సంత, జిల్లా కేంద్రమైన చైబాసాకు బస్సు ప్రయాణం, పావుగంట ఆగకుండా చెప్పాడు. ఫారంలో ఉండాల్సిన ఊరు అదే కదా!

వయసు దాటేలోగా మళ్ళీ ప్రయత్నించవచ్చు, మొదటిసారి నెగ్గలేదని రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు. వాడు మళ్ళీ రాతపరీక్ష రాశాడు. "మాతృభాష తెలుగు అంటే చదవడం వచ్చా అని అడుగుతారేమో మాస్టారూ" అంటూ ఆదివారాలు మా ఇంటికి వచ్చి ఒత్తులు దిద్దుతున్నాడు. 'క్ష' దగ్గర ఇంకా తడబడుతున్నాడు.